జేబులో బిరడా

"మా తమ్ముడు కావాలని పోయాడా? ఆ ఒక్కటి తేల్చి చెప్పమ్మా. చంపినవాణ్ణి పట్టుకుంటావో లేదో నాకక్కర్లేదు. నన్ను వదిలించుకుని పోయాడా, లేదా? అంతే."

డ్రైవింగ్ మాస్టారి అక్క మంచం అంచున కూర్చుని, నా గొంతు వస్తున్న వైపు ముఖం తిప్పి అడిగింది. ఆవిడ కళ్ళకి వెలుతురూ నీడా తప్ప ఇంకేమీ ఆనవు. ఈపాటికి ఆవిడ తమ్ముడి కారులో, వెనక సీట్లో దిండుకి ఆనుకుని, దూరపు ఊళ్ళో ఉన్న కంటి ఆసుపత్రికి సగం దారిలో ఉండాల్సింది. ఆ ప్రయాణం కోసమే మాస్టారు నిన్న ఆదివారం పూట ఇంటి పక్క షెడ్డులో కారు రేడియేటర్ కడగడానికి కూర్చున్నారు. భోజనానికి పిలిస్తే పలకలేదు. ఆవిడ గోడ పట్టుకుంటూ వెళ్ళి తలుపు తోస్తే గుప్పున పొగ కొట్టింది. మాస్టారు మడతకుర్చీలో తల పక్కకి వాల్చి ఉన్నారు. అది ఆవిడ చూడలేదు. తడిమి తెలుసుకుంది.

పోలీసులు ఆత్మహత్య అన్నారు. మూసిన షెడ్డు. తాళం చెవి ఇంజన్ స్టార్ట్ చేసే చోట తిప్పి ఉంది; ఇంజన్ నడిచి నడిచి తనంతట తనే ఆగిపోయి ఉంటుందన్నారు. తలుపు కింద సందులో గుడ్డలు కుక్కి ఉన్నాయి. రక్తంలో పొగ విషం. సాయంత్రానికి ఫైలు మూసేస్తారట.

"నిన్న మీకేమైనా వినిపించిందా అక్కా?" అని అడిగాను.

"బండి శబ్దం వినిపించింది. చాలాసేపు. వెనక సందు వైపు నుంచి వచ్చింది. ఇన్‌స్పెక్టరుకి చెబితే, షెడ్డు శబ్దమే గోడకి తగిలి అలా వినిపించి ఉంటుందిలే అమ్మమ్మా అన్నాడు. కళ్ళు పోతే చెవులు కూడా పోతాయనుకున్నాడు కాబోలు."

"మాస్టారు దిగులుగా ఏమైనా ఉన్నారా?"

"దిగులా? రేపు దారిలో పోలీస్ స్టేషన్ దగ్గర ఆగాలక్కా, ఒక మాట చెప్పి పోదాం అన్నాడు. ఏం మాటరా అంటే, ఆపరేషన్ అయ్యాక చెబుతాలే, ఇప్పుడు నీకెందుకు అన్నాడు." ఆవిడ తలుపు వైపు చెయ్యి చాపింది. "రాత్రి గడియ వాడే వేసేవాడమ్మా. నిన్న రాత్రి నేనే వేశాను. వేశానో లేదోనని తెల్లారేదాకా లేస్తూనే ఉన్నాను."

నేను చదివింది పదో తరగతి. మా ఆయన పోలీసు ఉద్యోగంలో ఉండగా ఒకరోజు పొద్దున "ఇప్పుడే వస్తా" అని వెళ్ళి ఇక రాలేదు. అప్పట్నుంచి నాకు ఏది చూసినా ముందు చెడే తోస్తుంది. ఫోను పొద్దుపోయి మోగితే ఆసుపత్రి అనుకుంటాను. మా అమ్మాయి రావడం ఆలస్యమైతే మనసులో అప్పుడే అన్నీ జరిగిపోతాయి. ఆ రోగమే నాకు తిండి పెడుతోంది. తప్పిపోయినవాళ్ళని, తప్పించుకు తిరిగేవాళ్ళని వెతికిపెట్టే చిన్న ఆఫీసు నడుపుతున్నాను. జనం నన్ను అనుమానాలమ్మ అంటారు. నా ఎదుట మాత్రం ఎవరూ అనరు, మా మరిది తప్ప. ఈ కేసు ఇన్‌స్పెక్టరు మా మరిదే.

మాస్టారితో నాకు పరిచయం మా అమ్మాయి వల్ల. అది డ్రైవింగ్ నేర్చుకుంటానన్న రోజున నాకు నిద్ర లేదు. మర్నాడు ఈ ఇంటికే వచ్చి మాస్టార్ని కూర్చోబెట్టి అడిగాను. బ్రేకు పడకపోతే ఏమవుతుంది, టైరు పేలితే ఏమవుతుంది, నడిరోడ్డు మీద ఇంజన్ ఉడికిపోతే ఏమవుతుంది. ఇంకొకరైతే దణ్ణం పెట్టి పంపేసేవారు. ఆయన నన్ను షెడ్డులోకి తీసుకెళ్ళి బానెట్ ఎత్తారు. "మీ భయానికి మాటలు పనిచెయ్యవమ్మా. చూపించాల్సిందే" అన్నారు. ఆ రోజు నుంచి ఆదివారాలు అప్పుడప్పుడూ వచ్చి, ఆయన పని చేసుకుంటుంటే స్టూలు మీద కూర్చుని ఒక్కో భయం అడిగేదాన్ని. ఆయన ఒక్కోటీ విప్పి చూపించేవారు. వందలమందికి బండి నేర్పిన మనిషి. ఆ ఆదివారాల్లో నేను తప్ప ఇంకెవరూ ఆ గేటు తియ్యడం చూడలేదు.

నిన్న నేను రాలేదు. ఇంట్లో బట్టలు ఉతుక్కున్నాను.

బయట హారన్ మోగింది. గేటు ముందు మాస్టారి డ్రైవింగ్ స్కూలు రెండో కారు ఆగి ఉంది. స్టీరింగు ముందు మా అమ్మాయి, పక్కన మాస్టారి అసిస్టెంటు. ముందు కారు కనిపించినా కనిపించకపోయినా హారన్ కొడతాడని అతనికి హారన్ అనే పేరే మిగిలింది. నన్ను చూసి దిగి వచ్చాడు.

"అమ్మగారూ, ఇవాళ క్లాసు ఉంటుందా అని పిల్లలంతా అడుగుతున్నారు. ఎల్లుండి టెస్టు కదా. మాస్టారుంటే ఆపనిచ్చేవారు కాదు."

"నిన్న ఆయన్ని చూశావా బాబూ?"

"లేదమ్మా, అదే నా బాధ. పొద్దున స్కూటర్ మీద వచ్చాను, ఇవాళ్టి క్లాసుల సంగతి అడుగుదామని. గేటు దగ్గరకొచ్చేసరికి షెడ్డులో ఇంజన్ నడుస్తున్న శబ్దం. పనిలో ఉన్నారు, కదిపితే తిడతారని అట్నుంచి అటే వెళ్ళిపోయాను. ఒక్కసారి తలుపు తోసి ఉంటే..." అతను చేత్తో కళ్ళు ఒత్తుకున్నాడు.

"షెడ్డు ఇంజనే అని ఎలా తెలిసింది?"

"మాస్టారి బండి శబ్దం నాకు తెలియదా అమ్మా? పాత బండి. దగ్గుతున్నట్టు ఉంటుంది."

"మరి ఈ బండి?"

"ఆఫీసు ముందే ఉంది. నిన్న కదపనేలేదు."

నా కళ్ళు కారు ముందు భాగం మీద పడ్డాయి. ఒక హెడ్‌లైటు పసుపెక్కి ఉంది. రెండోది అద్దంలా మెరుస్తోంది.

"లైటు కొత్తగా వేయించినట్టున్నావే?"

"రాయి తగిలిందమ్మా. మెకానిక్కుకి ఇచ్చి వేయించాను. నాకు బానెట్ ఎత్తడం కూడా రాదు కదా. హారన్ నొక్కడం తప్ప నీకేం తెలుసురా అని మాస్టారు ఎప్పుడూ అనేవారు." నవ్వబోయి ఆపుకున్నాడు. నాకు జాలేసింది.

"అమ్మా, విచారణ అయిందా? ఎండ మీద పడుతోంది" అని కారులోంచి మా అమ్మాయి.

"బెల్టు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాను. వేడి ముల్లు చూస్తూ ఉంటాను. ఎర్రగీత దగ్గరకి వస్తే హీటర్ మొత్తం తిప్పుతాను, బండి పక్కకి ఆపుతాను, దిగి దూరంగా నిలబడతాను. మూత ముట్టుకోను. ఇంకేమైనా మిగిలిందా?"

ఆ పాఠం మాస్టారు నాకు చెప్పింది. నేను దానికి బడిపిల్లకి ఎక్కం నేర్పినట్టు నేర్పాను.

"ఫోను?"

"క్లాసులో సారు చేతికివ్వాలి. నీకు తెలుసు కదా. ఊరికే చెయ్యకు, నాకు సిగ్గుగా ఉంటుంది."

బండి కదిలింది. మలుపు తిరిగేదాకా చూశాను. షెడ్డు తలుపు ముందు పడుకున్న నల్లకుక్క కూడా తలెత్తి చూసి మళ్ళీ తల కింద పెట్టేసింది. దాని పేరు టైరు. వీధికుక్కే కానీ మాస్టారి వెనకే తిరుగుతుంది. దాని మొరుగుడు బొంగురుగా మొదలై, మధ్యలో తెగి, మళ్ళీ అందుకుంటుంది. ఆ వీధిలో పసిపిల్లలు కూడా గుర్తుపడతారు. నిన్నటి నుంచి అది నోరు తెరవలేదట.

మా మరిది జీపు అప్పుడే వచ్చి ఆగింది.

"నువ్విక్కడున్నావని వీధి మొదట్లోనే తెలిసింది వదినా. గాలిలోనే అనుమానం వాసన వస్తోంది."

"ముక్కు బాగానే పనిచేస్తోందే మరిదిగారూ. నిన్న షెడ్డులో దాన్ని ఇంటి దగ్గర మర్చిపోయి వచ్చావా?"

"మొదలెట్టావా? నీకు తుమ్ము వచ్చినా వీలునామా రాయాలనుకుంటావు. అక్కడ ఒంటరి మనిషి, గుడ్డి అక్క, ముందర పెద్ద ఆపరేషన్. విసిగిపోయాడు, పోయాడు. ఇందులో పొడుపుకథ ఏముంది?"

"నెమ్మదిగా మాట్లాడు. లోపల ఆవిడ వింటోంది."

మరిది గొంతు తగ్గించాడు. మనిషి చెడ్డవాడు కాదు. తొందర మనిషి. మా ఆయన పోయినప్పుడు కూడా నాకు మొదట కబురు చెప్పింది ఇతనే. అది కూడా గేటు బయటి నుంచే చెప్పేశాడు.

చేతిలో ప్లాస్టిక్ సంచి ఉంది. ఆసుపత్రిలో మాస్టారి ఒంటి మీద దొరికినవి. అక్కగారికి అప్పగించాలి. కళ్ళజోడు, చేతిరుమాలు, దువ్వెన. వాటి అడుగున బొటనవేలంత నల్లటి ప్లాస్టిక్ మర, దాని మెడకి రబ్బరు రింగు.

"ఇదెక్కడ దొరికింది?"

"చొక్కా జేబులో. ఏదో సీసా మూతలే."

"జేబుకి గుండీ ఉంది కదా. పెట్టి ఉందా, తీసి ఉందా?"

"తీసి ఉంది. ఎందుకు?"

నా అరచేతిలో ఆ మర చల్లగా ఉంది. "ఇది సీసా మూత కాదు. రేడియేటర్ అడుగున ఉండే బిరడా. దీన్ని విప్పితేనే నీళ్ళు కారతాయి. ఇది నీ సంచిలో ఉందంటే ఆ కారులో చుక్క నీరు లేదని అర్థం. పద."

షెడ్డులో నిన్నటి పొగ వాసన ఇంకా గోడల్ని పట్టుకుని ఉంది. కుళాయికి తగిలించిన గొట్టం, కారు ముక్కు కింద వెడల్పాటి తొట్టి, గోడవార సీలు తియ్యని రెండు కూలెంట్ డబ్బాలు, పక్కన శుద్ధి చేసిన నీళ్ళ క్యాను. మడతకుర్చీ ఉన్నచోటే ఉంది. నేను కూర్చునే స్టూలు కూడా. స్టూలు మీద దుమ్ము తుడిచి పెట్టి ఉంది. వస్తాననుకున్నారు కాబోలు. నేను అటు చూడకుండా తొట్టి మీదకి వంగాను. అందులో నీళ్ళు తాగేనీళ్ళంత తేటగా ఉన్నాయి.

"చూడు మరిదీ. ముందు బిరడా విప్పి, పాత కూలెంట్ కార్చేస్తారు. బిరడా బిగించి మంచినీళ్ళు పోస్తారు. కారుని బయటికి నెట్టి, హీటర్ పూర్తిగా తిప్పి, ఇంజన్ వేడెక్కేదాకా నడిపిస్తారు. అప్పుడే నీళ్ళు మూలమూలకీ తిరుగుతాయి. ఆపి, పూర్తిగా చల్లారాక లోపలికి నెట్టి మళ్ళీ కారుస్తారు. తుప్పు పోయి నీళ్ళు తేటగా వచ్చేదాకా ఇదే పని. ఆఖర్న కూలెంటూ శుద్ధి చేసిన నీళ్ళూ సగం సగం కలిపి నింపి, బుడగలు పోయేదాకా చూసి మూత బిగిస్తారు. ఈయన ఆఖరి కడుగు అయిపోయింది. నింపడమే మిగిలింది. ఇలా కారుతున్నప్పుడే ఈ కుర్చీలో కునుకు తీస్తారు. అదే నా ఆదివారం అమ్మా అనేవారు. తెలిసినవాళ్ళందరికీ ఆ కునుకు సంగతి తెలుసు."

"తలుపెందుకు మూశాడు? గుడ్డలెందుకు కుక్కాడు?"

తలుపు దగ్గర గుడ్డల్ని మరిది లాఠీ తీసుకుని కదిపాను. ఎండిపోయి అట్టకట్టి ఉన్నాయి. అంచులకి ఆకుపచ్చ చార.

"నేల తలుపు వైపు వాలుగా ఉంది. మొదట కార్చినప్పుడు కొంచెం ఒలికింది. ఈ ఆకుపచ్చ కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకి చస్తాయి. టైరుకి తోడుగా తిరిగే గోధుమరంగు కుక్క అలాగే ఎక్కడో నాకి వచ్చి ఈ తలుపు ముందే పోయింది. అప్పట్నుంచి ఈ పని ఉన్నప్పుడల్లా ఈయన తలుపు మూసి, సందులో గుడ్డలు పెడతారు. ఇంజన్ ఆపి ఉన్నంతసేపూ తలుపు మూస్తే భయమేముంది? కుక్క కోసం ఇంత చేసిన మనిషి, కళ్ళు లేని అక్కని వదిలేసి పోతాడా?"

"మనసు సంగతి నాకు చెప్పకు వదినా. బిరడా జేబులో ఉంటే ఏం? నీళ్ళు లేకుండానే స్టార్ట్ చేశాడు. చచ్చేవాడికి ఇంజన్ పాడవుతుందన్న బెంగ ఉంటుందా?"

అతనన్నదీ నిజమే. బెంగ ఎందుకుంటుంది? లోపల అక్కగారు గ్లాసు వెతుక్కుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఆవిడకి వెళ్ళి ఏం చెప్పాలి? అవునమ్మా, వదిలించుకునే పోయాడు అని చెప్పాలా?

బిరడాని పిడికిట్లో బిగించి కారు ముందుకి నడిచాను. బిరడా, తాళం చెవి రెండూ ఒకే జేబులో, గుండీ పెట్టి. అది మాస్టారి పద్ధతి. పొరపాటున కూడా ఎవరూ ఖాళీ ఇంజన్ని స్టార్ట్ చెయ్యకూడదని. బిరడా జేబులోనే ఉండి తాళం చెవి మాత్రం కారులోకి ఎలా వచ్చింది? గుండీ విప్పి ఎవరో తీశారా, ఆయనే తీశారా?

బానెట్ ఊచ మీద నిలబడి ఉంది. తొంగి చూశాను. చూసి, వెనక్కి తిరక్కుండానే పిలిచాను.

"మరిదీ. ఇలా రా. ఏదీ ముట్టుకోకు."

రేడియేటర్‌కీ ఫ్యాన్‌కీ మధ్య, సరిగ్గా రెండు ఫ్యాన్ రెక్కల నడుమ, మాస్టారి చిన్న టార్చి లైటు ఇరికించి నిలబెట్టి ఉంది. తుప్పు ఎంత మిగిలిందో చూసుకోవడానికి ఆయన అలాగే పెట్టుకుంటారు. స్విచ్చి వేసే ఉంది. వెలిగి వెలిగి బ్యాటరీ అయిపోయింది.

"పాత బండి ఇది" అన్నాను. "ఫ్యాను బెల్టుకి కట్టి ఉంది. ఇంజన్ తిరిగితే ఫ్యాన్ తిరుగుతుంది. ఒక్క చుట్టు తిరిగినా ఈ టార్చి ఎగిరి ముక్కలవ్వాలి."

మరిది చాలాసేపు వంగే ఉన్నాడు. లేచేసరికి ముఖంలో వెటకారం లేదు.

"ఈ ఇంజన్ నడవలేదు" అన్నాడు.

"నడవలేదు. ఎవరో జేబులోంచి తాళం చెవి తీసి కారులో పెట్టి తిప్పి పోయారు. కారులో నీళ్ళు లేవని ఆ మనిషికి తెలియదు. బిరడా వేలికి తగిలినా అదేంటో తెలియదు. ఊపిరి బిగబట్టి వచ్చి, పని కానిచ్చి పోయాడు."

"మరి పొగ?"

"నువ్వే చెప్పు. ఊపిరాడకుండా చచ్చిపోదామనుకున్నవాడు తలుపు కింద గుడ్డలు కుక్కి, ఆ కంతని వదిలేస్తాడా?" అని వేలు చూపించాను.

వెనక గోడకి మోకాలి ఎత్తున, గాలి కోసం వదిలిన కంత. దాని చుట్టూ సున్నం నల్లబడి ఉంది. మసి బయటి నుంచి లోపలికి విసిరినట్టు విసనకర్ర ఆకారంలో పరుచుకుంది. పక్కనే సందులోకి చిన్న తలుపు. దానికి గొళ్ళెమే, తాళం లేదు.

సందు ఒక కారు పట్టేంత వెడల్పే, ఈ గోడ దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. బయటివైపు గోడకి కంత దగ్గర మసి ఇంకా చిక్కగా ఉంది. నేను అక్కడే నిలబడిపోయాను. మరిది మాత్రం వంగి, మసికి పక్కగా గోడ మీద వేలు పెట్టాడు. సన్నటి ఎర్రగీత. రేకు అంచు రాసుకుపోయినట్టు.

"ఎల్ బోర్డు" అన్నాడు. "నేర్చుకునే బళ్ళకి వెనక కట్టే రేకు. రోజుకెన్ని ఆపుతానో నాకు తెలియదా? ఇక్కడ బండి పొగగొట్టం ఎత్తు, ఇక్కడ బోర్డు ఎత్తు. కంతకి ఆనించి వెనక్కి పెట్టారు వదినా." లేచి చేతులు దులుపుకున్నాడు. "పోయిన వారం ఒక వాచ్‌మన్‌ని సైకిల్‌తో సహా గుద్ది ఆగకుండా పోయిన బండి ఇంకా దొరకలేదు. రోడ్డు మీద ఏరిన హెడ్‌లైటు ముక్కలు స్టేషన్‌లో ఉన్నాయి."

దారిలో పోలీస్ స్టేషన్ దగ్గర ఆగాలక్కా. మాస్టారు అక్కడ చెప్పాలనుకున్న మాట ఇదే.

నా వెనక చిన్న తలుపు కిర్రుమంది. అక్కగారు గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో.

"అయితే వాడు పోలేదు" అంది నెమ్మదిగా. "వాణ్ణి తీసుకుపోయారు."

"అవునక్కా. మీ ప్రయాణానికే బండి కడుగుతూ నిద్రపోయారు."

ఆవిడ తలూపింది. ఏడవలేదు. "సరే. ఇక గడియ నేను వేసుకోగలను" అని లోపలికి తిరిగింది.

"రెండో బండి ఎక్కడుంది?" అని మరిది అడుగుతున్నాడు. "ఆ హారన్‌గాడు నిన్న గేటు దగ్గర ఇంజన్ శబ్దం విన్నానని నాకు స్టేట్‌మెంటు కూడా ఇచ్చాడు. షెడ్డులో ఇంజన్ నడవనే లేదు. మరి వాడు విన్నది..."

"తన బండిదే" అన్నాను. "మరిదీ, ఆ బండిలో మా అమ్మాయి ఉంది."

ఇన్నేళ్ళూ నా భయమంతా ఎదురుగా వచ్చే లారీల మీదే. అది పక్క సీటు వైపు ఎప్పుడూ తిరగలేదు. జాలి కూడా పడ్డాను. హెడ్‌లైటు గురించి అతన్ని అడిగింది నేనే. అడిగి, పిల్లని అతనితో పంపి, మలుపు దాకా చూసి మరీ వచ్చాను.

మరిది ఒక్క ఉదుటున గేటు వైపు కదిలి, ఆగి వెనక్కి చూశాడు. "ఫోను చెయ్యి. ఎక్కడున్నారో తెలుసుకో. వాడికి అనుమానం రాకూడదు. ఎప్పటిలాగే మాట్లాడు వదినా."

ఎప్పటిలాగే మాట్లాడమని నన్ను అడిగినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు.

అమ్మాయి ఫోనుకి చేశాను. మోగుతూనే ఉంది. నిన్నటి దాకా ఇలా మోగిన ప్రతిసారీ మనసులో ఏవేవో బొమ్మలు కదిలేవి. ఇప్పుడు ఒక్కటీ కదల్లేదు. లోపల అంతా ఖాళీ ఇల్లులా ఉంది.

"చెప్పండి అమ్మగారూ" అతని గొంతు. నవ్వుతున్నాడు. "ఇంతసేపు ఎలా ఆగారా అనుకుంటున్నాను."

"అమ్మాయి బాగానే నడుపుతోందా బాబూ? ఎక్కడిదాకా వెళ్ళారు?"

"కొండదారి మొదట్లో ఉన్నామమ్మా. ఎత్తు మీద క్లచ్చు నేర్పిస్తున్నాను. రోడ్డు ఖాళీగా ఉంటుంది, ఎవరూ రారు."

గేటు దగ్గరున్న మరిదికి చేత్తో కొండ వైపు చూపించాను. అతను జీపు వైపు పరుగెత్తాడు.

"కొండ ఎక్కితే ఇంజన్ ఉడికిపోతుందేమో బాబూ? ముల్లు ఎక్కడుంది?"

"మధ్యలో ఉందమ్మా. మీరు మరీను."

"ఒక్కసారి అమ్మాయికివ్వు. లేకపోతే చేస్తూనే ఉంటాను, నా సంగతి తెలుసుగా."

"స్పీకరు పెడుతున్నాను, చెప్పండి."

"అబ్బా అమ్మా! చెయ్యొద్దని చెప్పానా లేదా?"

దాని గొంతు వినగానే గోడకి ఆనుకున్నాను. మసి అంతా వీపుకి అంటుకుంది.

"ముల్లు చూడు తల్లీ."

"మధ్యలోనే ఉందమ్మా."

"నీకలా కనిపిస్తోందేమో. నాకు ఇక్కణ్ణుంచే ఎర్రగీత దాటినట్టు కనిపిస్తోంది. నేను చెప్పిన మిగతావన్నీ వదిలెయ్. వేడెక్కితే ఏం చెయ్యాలన్నానో అది చెయ్యి. ఇప్పుడే."

అటునుంచి ఇంజన్ శబ్దం మాత్రం వినిపిస్తోంది. ఎప్పుడూ "సరేలే" అని విసుక్కునే పిల్ల విసుక్కోలేదు.

"సరే అమ్మా" అంది. గొంతు చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పటిలా ఉంది.

ఇండికేటరు టిక్కు టిక్కుమంటోంది. టైర్ల కింద కంకర నలుగుతోంది. "ఇక్కడెందుకు ఆపుతున్నావు?" అని హారన్ అడుగుతున్నాడు. "మా అమ్మ అలాగే సార్, ఆపకపోతే చంపేస్తుంది" అని అది నవ్వుతోంది. ఎంత బాగా నవ్విందో నా తల్లి.

వీధిలో మరిది జీపు గట్టిగా అరిచి కదిలింది. షెడ్డు ముందు నల్లకుక్క దిగ్గున లేచింది. నిన్నటి నుంచి నోరెత్తని కుక్క ఆ జీపు వెంటపడి మొరిగింది. బొంగురుగా మొదలై, మధ్యలో తెగి, మళ్ళీ అందుకుంది.

ఫోనులో నవ్వు ఆగిపోయింది. ఇండికేటరు ఒక్కటే టిక్కు టిక్కుమంటోంది. కారు డోరు తెరుచుకున్న చప్పుడు ఇంకా వినిపించలేదు.

"అమ్మగారూ" అన్నాడు హారన్, చాలా మెల్లగా. "మీరింకా ఆ షెడ్డు దగ్గరే ఉన్నారా? అది మాస్టారి టైరు గొంతు కదూ?"